కువైట్‌లో స్విచ్, కడపలో లైటు

కడప నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు, ఏ వీధో కూడా చెప్పొద్దన్నారు. ఏడు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 32 ఏళ్లు. భర్త తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఏసీ మెకానిక్. ఇక్కడ ఇంట్లో ఆమె, అత్తగారు, ఆరేళ్ల బాబు. కింద మామగారి కాలం నాటి ఇల్లు, అడుగున్నర మందం రాతి గోడలు, నేలంతా కడప బండలు. పైన కువైట్ డబ్బుతో వేసిన రెండు గదులు. పోయినసారి సెలవులో ఆయన 14 స్మార్ట్ బల్బులు తెచ్చారు. వరండా నుంచి పూజగది దాకా అన్ని హోల్డర్లలో బిగించి, తన ఫోన్‌లోని యాప్‌కు కలుపుకొని వెళ్లారు. అన్నీ వైఫైతో నడిచేవే. రూటర్ పైగదిలో ఉంది. ఇన్వర్టర్ ఉంది గానీ దాని లైను కొన్ని గదులకే.

మొదటి వారం ముచ్చటగానే ఉందట. హాల్లో, నడవాలో లైట్లు సాయంత్రం ఆరుంబావుకు వాటంతట అవే వెలుగుతాయి, రాత్రి పదిన్నరకు ఆరిపోతాయి. ఇదివరకు దీపాల వేళకు అత్తగారే హాల్లో లైటు వేసి చేతులు జోడించేవారు. ఇప్పుడు ఆ పని లేదు. కానీ ఏ గదిలోంచి బయటికొచ్చినా స్విచ్ కట్టేసి రావడం ఆమెకు చిన్నప్పటి అలవాటు, అది పోలేదు. ఆమె కట్టేసిన ప్రతిసారీ అక్కడ కొడుకు ఫోన్‌లో ఆ బల్బు 'ఆఫ్‌లైన్' అని పడుతుంది. వెంటనే కాల్. "స్విచ్ ముట్టుకోవద్దని అమ్మకు చెప్పలేదా?" రాత్రి పదకొండున్నరకు, అంటే అక్కడ తొమ్మిదికి డ్యూటీ దిగాక, ఇంకో కాల్. "వంటింట్లో లైటు ఇంకా ఎందుకుంది? కరెంటు దండగ." అత్తగారి మాట వేరు. "నా ఇంట్లో లైటు ఆర్పుకునేదానికి గూడా కువైట్ నుంచి పర్మిషన్ కావల్నా?" మధ్యలో ఈమె నలుగుతున్నారు.

ఒక రాత్రి రెండు గంటలకు అత్తగారు బాత్రూంకని లేచి నడవాలో స్విచ్ నొక్కారు. లైటు రాలేదు. మళ్లీ నొక్కారు. రాలేదు. చీకట్లోనే నడిచి గడప తగిలి పడ్డారు. బొటనవేలి గోరు ఊడింది, అంతటితో పోయింది. "వాడికి చెప్పొద్దు, అంత దూరంలో బాధపడతాడు" అన్నారు. మర్నాడు అదే స్విచ్‌ను కోపంతో టపటపా కొట్టేసరికి బల్బు ఆగకుండా మిణుకుమనడం మొదలుపెట్టింది, యాప్‌లోంచి మాయమైంది. తిరిగి కలపడానికి వీడియో కాల్‌లో గంటన్నర పట్టింది. అత్తగారు ఇప్పుడు దిండు కింద టార్చి పెట్టుకొని పడుకుంటున్నారు.

ఉత్తరం చివర్లో ఒక సంగతి రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. ఒక మధ్యాహ్నం మూడింటికి పైగదిలో లైటు వేస్తే ఐదు నిమిషాల్లో ఫోన్. "ఈ టైంలో పైన లైటెందుకు? ఎవరొచ్చినారు?" వచ్చింది ఆమె చెల్లెలు. అదే చెప్పారు. కానీ ఆ రోజు నుంచి ఆ స్విచ్ మీదికి చెయ్యి పోవడం లేదట.

పోనీ అన్నీ పీకేద్దామంటే బాబు ఉన్నాడు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు వాడి మంచం పక్క బల్బు నీలం రంగులోకి మారి రెండుసార్లు మిణుకుతుంది. అది నాన్న గుడ్‌నైట్. అది వస్తే గానీ వాడు కళ్లు మూయడు.

ఇప్పుడు ఆయన అంటున్నదిది: "ఇదంతా వైఫై లోపం. జనవరిలో వచ్చేటప్పుడు జిగ్‌బీ సెట్టు తెస్తా. లేదంటే మ్యాటర్ అనీ థ్రెడ్ అనీ కొత్తవి వచ్చినాయి. రూమ్మేటు జీ-వేవ్ మంచిదంటున్నాడు. ఏదో ఒకటి తెస్తే ఇంక టెన్షన్ ఉండదు." ఇవన్నీ ఇంట్లోని స్మార్ట్ వస్తువులు మాట్లాడుకునే పద్ధతుల పేర్లు. ఆమె అడుగుతున్నది: అవి వస్తే గొడవ నిజంగా ఆగుతుందా? ఆగదంటే ఆయనకు ఎలా చెప్పాలి? "ఎండలో మాడే మనిషి మా కోసం కొన్నాడు. వద్దంటే విశ్వాసం లేనిదాన్ని అవుతానేమో."

అమ్మా, ముందు ఆ రాత్రి రెండు గంటలకు ఏం జరిగిందో తేల్చుకుందాం. మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మీ ఇంట్లో ఇప్పుడు ప్రతి లైటుకూ రెండు స్విచ్‌లున్నాయి. ఒకటి గోడ మీద ఉంది. రెండోది బల్బు కడుపులో ఉంది, ఫోన్‌తో నడుస్తుంది. రెండూ వేసి ఉంటేనే వెలుగు. ఒకే తలుపుకు రెండు తాళాలు వేసి, ఒక తాళంచెవి అత్తగారి కొంగున కట్టి, రెండోది కువైట్ పంపినట్టు. పదిన్నరకు టైమర్ లోపలి స్విచ్‌ను ఆపేసింది. గోడ మీది స్విచ్ మాత్రం వేసే ఉంది. అత్తగారు ఒకసారి నొక్కితే అది ఆఫ్ అయింది. రెండోసారి నొక్కితే ఆన్ అయింది, బల్బుకు కరెంటు వచ్చింది. అయినా తనను ఆపమన్న సంగతి గుర్తుంచుకొని ఆరిపోయే ఉంది.

మామూలుగా ఈ బల్బులు కంపెనీ నుంచి అలా రావు. కరెంటు తగలగానే వెలిగేలా వస్తాయి, గోడ మీది స్విచ్‌కు అలవాటుపడిన చేతుల కోసమే. మీ ఆయన బహుశా ఆ సెట్టింగ్ మార్చి ఉంటారు. ఎందుకో కూడా ఊహించగలను. అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే ఇంట్లోని బల్బులన్నీ ఒక్కసారి భగ్గున వెలుగుతాయి. కర్నూలులో మా ఇంట్లో మూడే మూడు బల్బులతో ఆ ముచ్చట తీరింది. దొంగలు పడ్డారని మా ఆవిడ వేసిన కేకకు పక్కింటాయన కర్ర పట్టుకొని వచ్చాడు. దానికి మందుగా చాలామంది 'కరెంటు పోకముందు ఎలా ఉందో అలాగే ఉండు' అని పెట్టుకుంటారు. దాంతో ఆ బాధ పోతుంది. కానీ స్విచ్ వేసినా లైటు రాని రాత్రులు మొదలవుతాయి.

కాబట్టి జనవరి దాకా ఆగకుండా ఇవాళే చేయించాల్సింది ఒకటుంది. కరెంటు తిరిగొచ్చాక ఎలా ఉండాలని అడిగే చోటు చాలా యాప్‌లలో, బల్బు సెట్టింగుల్లో ఉంటుంది. అత్తగారి గది, నడవా, బాత్రూం, ఈ మూడు బల్బులకూ 'కరెంటు రాగానే వెలుగు' అని పెట్టించండి. అప్పుడు పదిన్నరకు టైమర్ ఆపేసినా, గోడ స్విచ్ ఒకసారి తీసి వేస్తే లైటు వస్తుంది. దీని నష్టం కూడా చెప్తున్నాను. కరెంటు పోయొచ్చిన రాత్రుల్లో ఆ మూడు లైట్లూ వెలిగి నిద్ర చెడగొట్టొచ్చు. ఇంకో గోరు ఊడటం కన్నా అది నయం.

మిణుకుమనడంలో దయ్యం ఏమీ లేదని అత్తగారికి చెప్పండి. స్విచ్‌ను వరసగా మూడు నుంచి ఐదు సార్లు వేసి తీస్తే చాలా బల్బులు పాత సంబంధం తెంచుకొని, కొత్త ఫోన్‌తో కలవడానికి తయారైపోతాయి. కావాలని పెట్టిన ఏర్పాటే అది. గాలివానకు కరెంటు పోతూ వస్తూ ఉన్నా అలా జరగొచ్చు. తిరిగి కలపాలంటే ఫోన్ ఇంట్లో ఉండాలి, కువైట్ నుంచి కుదరదు. గంటన్నర ఎందుకు పట్టిందో కూడా అనుమానం ఉంది. ఇప్పటి రూటర్లు చాలావరకు ఒకే పేరు మీద 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల వైఫై తరంగాలూ ఇస్తాయి. ఫోన్ 5 మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఈ బల్బుల్లో చాలావాటికి 2.4 తప్ప రాదు. చాలాసార్లు చిక్కు అక్కడే. ఈసారి కలిపేటప్పుడు రూటర్‌లో 5ను కాసేపు ఆపించండి. అలాగే రూటర్‌ను ఇన్వర్టర్ లైనులోకి మార్పించండి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ అది లేచి కూర్చునేదాకా 14 బల్బులూ ఆఫ్‌లైన్, ఆ వెంటే 14 ప్రశ్నలు.

ఇక జిగ్‌బీ. ఇప్పుడున్న బల్బులు తీసి అవే హోల్డర్లలో జిగ్‌బీ బల్బులు పెడితే గొడవ ఆగదు. ఇంకొంచెం ముదరొచ్చు కూడా.

వైఫై బల్బు ఒక్కొక్కటీ నేరుగా రూటర్‌తోనే మాట్లాడాలి. 14 బల్బులు, ఫోన్లు, టీవీ కలిస్తే నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చే చిన్న రూటర్‌కు బరువే. పైగా రూటర్ పైన, బల్బులు కింద. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం 5 కన్నా గోడల్ని బాగానే దాటుతుంది గానీ మీ మామగారు కట్టించిన గోడ అంత తేలిగ్గా వదిలే గోడ కాదు. అందుకని వైఫైని మీ ఆయన తిట్టుకోవడంలో కొంత న్యాయం ఉంది.

జిగ్‌బీ పద్ధతి వేరు. స్లాబు వేసే రోజు కాంక్రీటు తట్టలు కింది నుంచి పైకి చేతులు మారుతూ పోతాయే, అలా ఒక బల్బు అందుకున్న మాటను పక్క బల్బుకు అందిస్తుంది. సెకనుకు 250 కిలోబిట్లే దాని వేగం. సినిమా చూడటానికి చాలదు, లైటు వేయి, ఆపు అనడానికి దండిగా చాలు. ఇది నిన్న మొన్నటిదీ కాదు. 2012లో వచ్చిన ఫిలిప్స్ హ్యూ బల్బులు దీని మీదే నడిచాయి. మధ్యలో హబ్ అనే చిన్న డబ్బా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి నెట్ పోయినా సాధారణంగా ఇంట్లో పని ఆగదు. అంతవరకు బాగుంది. కానీ తట్టలు అందించే వరసలో ఒక మనిషి టీ తాగడానికి పోతే? అత్తగారు హాల్లో బల్బు కట్టేస్తే ఆ ఒక్క బల్బే పోదు. దాని ద్వారా మాట అందుకుంటున్న వంటింటి బల్బు, పూజగది బల్బు కూడా స్విచ్ వేసి ఉన్నా పలక్కపోవచ్చు. ఇంకో దారి దొరికితే తిప్పుకొని వెళ్తుంది, ఆ రాతి గోడల మధ్య దొరుకుతుందన్న భరోసా లేదు. ఇప్పుడు ఒక బల్బు ఆఫ్‌లైన్ అని ఫోన్ వస్తోంది, అప్పుడు మూడింటికి వస్తుంది.

థ్రెడ్ కూడా రేడియో వరకు జిగ్‌బీ లాంటిదే. 2014లో మొదలైంది. అదీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే చేతులు మార్చుకుంటూ పోతుంది. కాకపోతే ప్రతి వస్తువుకూ ఇంటర్నెట్ తరహా సొంత చిరునామా ఉంటుంది, వాటిని ఇంటి నెట్‌కు కలపడానికి ఇంట్లో బోర్డర్ రూటర్ అనేది ఒకటి కావాలి. కొన్ని స్మార్ట్ స్పీకర్లలో అది లోపలే ఉంటుంది. మ్యాటర్ అసలు రేడియో కాదు. అది భాష. వైఫై మీదా నడుస్తుంది, థ్రెడ్ మీదా నడుస్తుంది. అమెజాన్, యాపిల్, గూగుల్ వంటివాళ్లు జిగ్‌బీ సంఘంతో కలిసి 2019లో మొదలుపెడితే, 2022 అక్టోబరులో మొదటి రూపం బయటికొచ్చింది. ఒక కంపెనీ బల్బు ఇంకో కంపెనీ యాప్‌కు లొంగాలన్నది దాని ఉద్దేశం. దీంట్లో మీకు పనికొచ్చేది ఒకటుంది, తర్వాత చెప్తాను.

రూమ్మేటు చెప్పిన జీ-వేవ్ ఒక్కటి మాత్రం కువైట్‌లో కొనొద్దని గట్టిగా చెప్పండి. వైఫై, జిగ్‌బీ, థ్రెడ్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దాదాపు అన్ని దేశాల్లో ఒకటే. జీ-వేవ్ ప్రాంతాన్ని బట్టి వేరే ఫ్రీక్వెన్సీ మీద ఉంటుంది. మన దేశంలో 865.2 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 868.4, అమెరికాలో 908.4. ఒక దేశం హబ్, ఇంకో దేశం స్విచ్ అయితే రెండూ పక్కపక్కనే కూర్చున్నా మాట కలవదు.

వీటిలో ఏది తెచ్చినా స్విచ్ కట్టేసిన బల్బుకు కరెంటు అందదు, కరెంటు అందని రేడియో పలకదు. మీ ఆయన ఏసీ మెకానిక్. ఈ ఒక్క మాట చెబితే మిగతాది ఆయనకు నాకన్నా బాగా అర్థమవుతుంది.

ఆయన జిగ్‌బీ అనడం తప్పని నేననను. పెట్టాలనుకుంటున్న చోటు తప్పు. తెలివిని బల్బులోంచి తీసి స్విచ్ బోర్డు లోపల, స్విచ్ వెనక పెట్టాలి. అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉండే మోడ్యూల్స్ దొరుకుతాయి. బోర్డు విప్పి, పాత స్విచ్ వైర్లను దానికి కలిపితే, గోడ మీది స్విచ్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఫోన్ కూడా పనిచేస్తుంది. ఎవరు ఆఖరున నొక్కితే వాళ్ల మాటే. కువైట్‌లో ఆపిన లైటును అత్తగారు ఒక్క నొక్కుతో వెలిగించొచ్చు. హోల్డర్‌లో మామూలు ఎల్ఈడీ బల్బు ఉంటుంది, మాడిపోతే వీధి చివర కొట్లో దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, స్విచ్ కట్టేసినా మోడ్యూల్‌కు కరెంటు ఆగదు. తట్టలు అందించే వరసలోంచి ఎవరూ బయటికి పోరు. జిగ్‌బీ గానీ థ్రెడ్ గానీ రాణించేది అక్కడ.

దీనికి బోర్డులో న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, కావాలి. మన ఇళ్లలో స్విచ్ బోర్డులోనే ఒక ప్లగ్గు కూడా ఉంటుంది కాబట్టి సాధారణంగా న్యూట్రల్ అక్కడే దొరుకుతుంది. కింది పాత చెక్క బోర్డుల్లో చోటుకు ఇబ్బంది ఉండదు. పైగదుల్లో గోడలోకి దించిన పెట్టెలైతే లోతు కొలిచి కొనాలి. మెట్ల లైటుకు కిందొక స్విచ్, పైనొక స్విచ్ ఉంటే, అలాంటి టూ-వే వైరింగుకు పనికొచ్చే మోడ్యూలే తేవాలి. ఫ్యాన్ స్పీడు కూడా కావాలంటే దానికి వేరే రకం. గీజర్‌ను ఈ చిన్నవాటికి తగిలించొద్దు. రంగులు పోతాయి, అదొక లోటు. ఖర్చు కూడా బల్బుల కన్నా ఎక్కువే అవుతుంది. హబ్‌ను రూటర్ నెత్తి మీద పెట్టకుండా కొన్ని అడుగుల దూరంలో పెట్టాలి, రెండూ ఒకే 2.4లో అరుచుకుంటాయి.

అంత ఖర్చు ఇప్పుడొద్దనుకుంటే ఇంకో దారి ఉంది, పెద్దగా ఖర్చు లేనిది. 14ను నాలుగు చేయండి. గేటు దగ్గర, మెట్ల మీద, పైన వరండాలో, బాబు మంచం పక్కన. ఎవరి చెయ్యీ ఊరికే స్విచ్ మీదికి పోని చోట్లవి. మిగతా పది హోల్డర్లలో మామూలు బల్బులు. అప్పుడు రూటర్‌కు బరువు తగ్గుతుంది, ఆ నాలుగూ సరిగ్గా నడుస్తాయి. జిగ్‌బీ అవసరమే రాకపోవచ్చు. కానీ తన చేత్తో బిగించిన పది బల్బులు యాప్‌లోంచి పోవడం ఆయన మనసుకు తగులుతుంది. కాబట్టి ఆయన ఇంట్లో లేనప్పుడు మీరు పీకొద్దు. జనవరిలో ఆయన చేతే తీయించండి.

మూడో దారి అందరూ చెప్పేది. గోడ స్విచ్‌లన్నీ ఆన్‌లో ఉంచి పైన టేపు వేసేయడం, పక్కన గుండీ బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ బటన్లు అతికించడం. పనిచేస్తుంది. చిన్న కుటుంబాల్లో, ఫ్లాట్లలో బాగానే నడుస్తుంది. మీ ఇంటికి మాత్రం నాకు నచ్చలేదు. అత్తగారు తన ఇంట్లో తన స్విచ్‌కు టేపు వేసి ఉండటం చూడాల్సి వస్తుంది. ఆమె ఇదివరకు దీపాల వేళకు లైటు వేసి చేతులు జోడించేవారని మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను. చలికాలంలో మన దగ్గర ఆరు లోపే చీకటి పడుతుంది, ఎండాకాలంలో ఆరున్నరకూ వెలుతురు ఉంటుంది. ఆరుంబావు టైమర్‌కు ఆ తేడా తెలియదు. ఆమె కంటికి తెలుసు. ఏ దారి పట్టినా హాల్లో టైమర్ మాత్రం తీయించేయండి.

కరెంటు దండగ అన్నారు కదా, లెక్క వేసి చూశాను. వంటింట్లో 9 వాట్ల బల్బు రోజూ ఒక గంట ఎక్కువ వెలిగితే నెలకు 270 వాట్ అవర్లు, అంటే పావు యూనిట్ పైచిలుకు. స్మార్ట్ బల్బు ఆరిపోయి ఉన్నా ఆర్డరు కోసం చెవులు రిక్కించుకొనే ఉంటుంది, దానికీ కరెంటు కావాలి. బల్బుకు అర వాటు చొప్పున వేసుకుంటే 14 బల్బులకు 7 వాట్లు, రోజంతా, నెలంతా. ఐదు యూనిట్లు. అత్తగారు స్విచ్ కట్టేసినప్పుడల్లా అందులో కొంత మిగులుతోంది కూడా. ఈ లెక్క నిజమే గానీ గొడవలో ఉన్నప్పుడు ఆయన మీదికి విసరొద్దు. నవ్వుకునే రోజు చెప్పండి.

ఇక మధ్యాహ్నం మూడింటి ఫోన్. దీనికి ఏ రేడియోతోనూ సంబంధం లేదు. ఆ మాట వెనక ఏముందో మీ ఉత్తరం చదివి నేను తేల్చలేను, తేల్చినట్టు నటించను. రెండు రకాలుగా అనిపిస్తోంది. డ్యూటీ దిగి, నలుగురితో పంచుకున్న గదిలో మంచం మీద కూర్చొని, తన ఇంట్లో లైట్లు వెలగడం ఆరడం చూసుకోవడం ఆయనకు ఇంట్లో తిరిగినట్టు ఉండొచ్చు. 'ఎవరొచ్చినారు' అన్నది గడపలోంచి అడిగే మామూలు మాటే అయి ఉండొచ్చు. లేదా అనుమానమే కావచ్చు. మీ చెయ్యి స్విచ్ మీదికి పోవడం లేదంటే ఆయన ఉద్దేశం ఏదైనా మీ మీద పడిన బరువు నిజం. అదే ఆయనకు చెప్పాలి. "లైటు గురించి అడిగినావా, నా గురించి అడిగినావా" అని తిన్నగా అడగండి. ఆఫ్‌లైన్ గొడవ నడుస్తుండగా వద్దు, డ్యూటీ దిగిన అలసటలో వద్దు. అక్కడ శుక్రవారం వారాంతం కదా, ఆ రోజు ఆయనకు సెలవుంటే ఆ పూట మాట్లాడండి.

అడగదగ్గ పనులు ఉన్నాయి. మొదటిది, లైటు వేసినప్పుడల్లా ఆయన ఫోన్‌కు వెళ్లే నోటిఫికేషన్లు ఆపుకోమనడం. సులువు, కానీ యాప్ తెరిస్తే అన్నీ కనబడుతూనే ఉంటాయి. రెండోది, యాప్‌లో ఇంటి యజమాని ఖాతా మీ ఫోన్‌లో ఉండి, ఆయన సభ్యుడిగా చేరడం. ఇంట్లో ఉండేది మీరు, బల్బు తెగితే కలపాల్సింది మీరు, కాబట్టి పని పరంగా కూడా ఇదే సరైనది. అయితే ఇది ఆయనకు అధికారం లాక్కున్నట్టు అనిపించే ప్రమాదం ఉంది, చెప్పే తీరులో జాగ్రత్త. మూడోది, ఇందాక దాచిపెట్టిన మ్యాటర్ సంగతి. మ్యాటర్ వస్తువును ఒకేసారి రెండు వేర్వేరు యాప్‌లకు కలపొచ్చు, అదీ వస్తువు వస్తువుకూ విడివిడిగా. కొత్తవి కొనేటప్పుడు మ్యాటర్ ముద్ర ఉన్నవి కొంటే, అన్నీ మీ యాప్‌లో ఉంటాయి. గేటు, మెట్లు, వరండా, బాబు బల్బు ఆయన యాప్‌లోనూ ఉంటాయి. పైగది ఉండదు. ఇప్పుడున్న బల్బులకు మాత్రం కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇస్తే తప్ప ఇది రాదు.

వీటికి ఆయన సరేనంటే చాలావరకు పోయినట్టే. ఒకవేళ 'అయితే ఇంట్లో కెమెరా పెడతా' అంటే మాత్రం, అమ్మా, అప్పుడిది బల్బుల గొడవ కాదు. ఒక్కరే మోయకండి. ఆయన మాట వినే పెద్దవాళ్లు మీ వైపో వాళ్ల వైపో ఎవరున్నారో చూసి, వాళ్లకు ఈ ఉత్తరంలో రాసినంత వివరంగా చెప్పండి.

విశ్వాసం మాట ఎత్తారు. అత్తగారు పడిన సంగతి ఆయనకు తెలియదని గుర్తుంచుకోండి. ఆయనకు కనబడుతున్నది ఆఫ్‌లైన్ అన్న ఒక్క మాటే. తల్లి మొండితనం వల్ల సిగ్నల్ పోతోందనుకుంటున్నారు, అందుకే ఇంకో రేడియో కొంటున్నారు. గోరు ఊడిందని తెలిస్తే ఆయన కొనే సామానే మారిపోతుంది. కానీ చెప్పొద్దన్నది అత్తగారు. ఆమెను దాటి మీరు చెబితే రేపు ఇద్దరి దగ్గరా మాట పడేది మీరే. ఆమె చేతే చెప్పించండి. కొడుకు నొచ్చుకుంటాడని దాచారు సరే, చెప్పకపోతే జనవరిలో ఇంకో 14 బల్బులు తెస్తాడని చెప్పండి, ఒప్పుకుంటారు.

బాబు బల్బును ఎవరూ కదిలించొద్దు. అది వైఫైదే అయినా, పాతదే అయినా, ఎలా ఉందో అలా ఉండనివ్వండి. ఆ గది స్విచ్‌కు మాత్రం ఒక చిన్న రంగు స్టిక్కర్ అంటించండి. నాన్న గుడ్‌నైట్ ఆగిపోతుందని తెలిస్తే అత్తగారు ఆ ఒక్కదాన్ని ముట్టుకోరు.

జనవరిలో బోర్డులు విప్పే రోజున మెయిన్ ఒక్కటి ఆపి ఊరుకోవద్దని ఆయనకు గుర్తు చేయండి, ఎంత పనిమంతుడైనా సరే. మెయిన్ ఆపితే కరెంటు పోయిందనుకొని ఇన్వర్టర్ లేస్తుంది, దాని లైను వెళ్లిన బోర్డుల్లో కరెంటు అలాగే ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఆపి, దాని లైను కూడా తీసేసి, టెస్టరు పెట్టి చూసుకున్నాకే స్క్రూ విప్పమనండి.